మందు మింగినా మానని దిగులు

మన బాగేపల్లి, చింతామణి ప్రాంతాలలో ఎవరినైనా "ఏమమ్మా, అట్లా చిక్కిపోయినావు?" అని అడిగి చూడండి. "ఏమో అక్కా, మనసంతా బేజారు" అంటారు. ఈ బేజారు అనే మాట మన తెలుగులోకి వచ్చి, ఇంటి మనిషై కూర్చున్నది. పొద్దు పోకపోయినా బేజారే. మార్కెట్టులో టమాటా ధర పడిపోయినా బేజారే. కూతురు అత్తవారింటికి పోయినా బేజారే. అన్నింటికీ ఒకే మాట వాడడం వలన ఒక చిక్కు వచ్చిపడినది. నిజంగా వైద్యం కావలసిన మనోవ్యాధి కూడా ఆ మాట చాటున దాగి, ఎవరి కంటా పడకుండా పోతున్నది.

ఆ మనోవ్యాధిని డాక్టర్లు డిప్రెషన్ అంటారు. మనం కుంగుబాటు అనుకోవచ్చును. ఇది ఎవరికైనా రావచ్చును. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16 సంవత్సరాలలో నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో పెద్దవయస్సు వారిలో ఇరవై మందికి సుమారు ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీనికి లోనైనవారే. అయితే హెచ్.ఐ.వి. ఉన్నవారిలో ఇది మరింత ఎక్కువ. పది పరిశోధనలను కలిపి 2001లో లెక్క చూచినప్పుడు, హెచ్.ఐ.వి. లేనివారిలో కంటె ఉన్నవారిలో కుంగుబాటు సుమారు రెండింతలు కనబడినది. ఎందువలన? వారిలోనైనా కొందరే కుంగిపోయి, కొందరు నిలదొక్కుకోవడానికి కారణమేమి? ఇది తెలిసికొంటే మన ఇంటిలోనో, పక్కింటిలోనో ఒక ప్రాణాన్ని నిలుపుకోగలము.

"ఇటువంటి విషయం కుటుంబ పత్రికలోనా?" అని కొందరు పెద్దలకు తోచవచ్చును. జబ్బు కుటుంబాలలోకి వచ్చి ముప్పై ఏండ్లు దాటినది. దానిని గురించిన మాట మాత్రం కుటుంబ పత్రికలోకి రావద్దా?

ఒంటికి మందు దొరికినది

మన దేశంలో ఈ జబ్బు మొదట బయటపడినది 1986లో, మద్రాసులో. డాక్టరు సునీతి సోలమన్ గారి ప్రోత్సాహంతో సెల్లప్పన్ నిర్మల అనే విద్యార్థిని సేకరించిన రక్తపు నమూనాలలో ఇది కనబడినది. అప్పట్లో దీనికి మందు లేదు. పేరు వినగానే మనుష్యులు ఆశ వదలుకొనేవారు. ఆ భయం చల్లబడకముందే జబ్బు దక్షిణ రాష్ట్రాలలో పాకినది. దేశంలో హెచ్.ఐ.వి. ఉన్నవారి సంఖ్యలో మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక ముందు వరుసలో ఉన్నవి. ఇంటిలో తెలుగు, బడిలో కన్నడం, పెండ్లి సంబంధాలకు సరిహద్దుకు ఇరువైపులా చుట్టరికం గల మనకు రెండు రాష్ట్రాల కష్టసుఖాలూ స్వంతమే.

1-4-2004 నాటి నుండి మన ప్రభుత్వం ఈ జబ్బుకు ఉచితంగా మందు ఇవ్వడం ప్రారంభించినది. 2017 నుండి, జబ్బు ఉన్నదని తేలిన వెంటనే, ఒంట్లో శక్తి ఎంత ఉన్నదీ లేనిదీ చూడకుండా మందు మొదలుపెడుతున్నారు. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక మాత్ర చాలు. దానిని తప్పకుండా వేసికొనేవారు చక్కెర జబ్బు, రక్తపోటు ఉన్నవారి మాదిరిగానే ఏండ్లకు ఏండ్లు పని చేసికొంటూ, పిల్లలను పెంచుకొంటూ బ్రతుకుతున్నారు. అంతే కాదు. క్రమంగా మందు వాడి, రక్తంలో వైరసు పరీక్షకు అందనంతగా తగ్గినవారి నుండి దాంపత్యం ద్వారా ఈ జబ్బు మరొకరికి అంటదు. 2016లోనూ 2019లోనూ వెలువడిన ఐరోపా పరిశోధనలలో, అట్లా వైరసు తగ్గిన మనిషి నుండి జోడుకు జబ్బు అంటిన సందర్భం ఒక్కటీ కనబడలేదు.

ఇది ఒంటి సంగతి. మనసు సంగతి ఇంత సులభంగా చక్కబడలేదు.

చింతామణి పక్క పల్లెలో ఒక ఇల్లాలిని ఊహించుకుందాము. ఈమె నిజంగా ఫలానా మనిషి కాదు. కాని ఈమె వంటి కష్టం పడేవారు నిజంగా ఉన్నారు. వయస్సు ముప్పై ఎనిమిది. పెనిమిటి పోయి ఆరేండ్లు. ఒక కొడుకు, ముసలి అత్త, ఎకరం మెట్ట. దగ్గరి ఆసుపత్రికి పోతే తెలిసినవారు చూస్తారని, రెండు బస్సులు మారి దూరపు ఊరికి పోయి మందు తెచ్చుకుంటుంది. సీసా మీద అంటించిన చీటీ గోటితో గీకివేసి, రాగుల డబ్బాలో అడుగున దాస్తుంది. మందు పని చేసినది. బరువు పెరిగినది. జ్వరాలు పోయినవి. కాని రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చి, తెల్లవారే దాకా కప్పు వైపు చూస్తూ పడుకుంటుంది. పొలానికి పోవాలని లేదు, తల దువ్వుకోవాలని లేదు, కొడుకు మార్కులు తెచ్చి చూపినా సంతోషం లేదు. అడిగినవారికి ఒకటే జవాబు: బేజారు.

ముప్పు ఎవరికి ఎక్కువ?

ఈ విషయమై మనకు దగ్గరగానే ఒక మంచి పరిశోధన జరిగినది. నిమ్హాన్స్ వైద్యురాలు ప్రభా చంద్ర గారు, సహచరులు కలిసి, జబ్బు ఉన్నదని తెలిసి కొద్ది వారాలే అయిన యాభై మంది చిల్లర మనుష్యులతో మాట్లాడినారు. ఆ ఫలితాలు 1998లో అచ్చయినవి. వారిలో పదిమందికి సుమారు నలుగురు కుంగుబాటుతో ఉన్నారు. ఎవరిలో ఎక్కువ అని చూస్తే నాలుగు సంగతులు తేలినవి: ఒంట్లో నొప్పి ఉన్నవారు, సారాయి అలవాటు ఉన్నవారు, ఇంటివారితో పొత్తు చెడినవారు, భార్యకో భర్తకో కూడా ఎయిడ్సు ముదిరినవారు. ఆనాటికి ఉచితపు మందు లేదు. మందు వచ్చిన తరువాత కూడా ఈ నాలుగింటికీ మనసుతో ఉన్న లంకె తెగిపోలేదు. ఒక్కొక్కటిగా చూద్దాము.

మొదటిది నొప్పి. కాళ్ళలో మంట, తిమ్మిరి, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, ఇవి రోజూ ఉంటే ఎంతటి గుండె గల మనిషైనా డీలా పడతాడు. జబ్బు ముదిరి ఒంట్లో రోగనిరోధక శక్తి పడిపోయినప్పుడు, క్షయ వంటివి తోడైనప్పుడు కుంగుబాటు ఎక్కువ. ఈ వైరసు రక్తంలోనే కాక మెదడులోకి కూడా చేరుతుంది. అక్కడ కలిగే వాపు మనసు మీద ప్రభావం చూపుతుంది. అంటే ఇది పిరికితనం కాదు, పాపఫలం అంతకంటే కాదు. రక్తం తక్కువగా ఉండడం, థైరాయిడ్ గ్రంథి మందగించడం వలన కూడా ఇటువంటి నీరసమే వస్తుంది గనుక, డాక్టరు వాటిని కూడా పరీక్షించవలసి ఉంటుంది.

రెండవది సారాయి. దిగులు మరవడానికి తాగడం, తాగిన మరునాడు దిగులు రెండింతలు కావడం, మాత్ర మరచిపోవడం, ఇంటిలో గొడవ. ఈ గానుగ తిరుగుతూనే ఉంటుంది. మగవారి కుంగుబాటు కన్నీళ్ళలో కంటె కోపంలో, తాగుడులో ఎక్కువగా కనబడుతుంది. "వాడు తాగి చెడినాడు" అని మనం తీర్పు చెప్పివేస్తాము. చెడి తాగినాడేమో ఎవరూ అడగరు.

మూడవది ఇంటి పొత్తు. ఇక్కడ ఆడవారి భారం వేరు. చాలా ఇళ్ళలో జబ్బు భర్త ద్వారా వచ్చినా, "కోడలు అడుగుపెట్టినాకనే నా కొడుకు పోయినాడు" అనే మాట పడేది ఆమె. భర్తకు సేవ చేసి, సాగనంపి, తన మందు సంగతి ఆఖరున చూచుకొనేది ఆమె. పళ్ళెం వేరు, చాప వేరు, పిల్లలను దగ్గరకు రానివ్వకపోవడం. ఈ జబ్బు కలిసి తినడం వలన, ముట్టుకోవడం వలన, ఒకే చెంబుతో నీళ్ళు తాగడం వలన అంటదని తెలిసి కూడా కొందరు ఇట్లా చేస్తారు. దీని మీద ఆస్తి తగవులు. ఒంటరితనం, వైధవ్యం, చేతిలో డబ్బు లేకపోవడం, ఇంటిలో దెబ్బలు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా కుంగుబాటు ముప్పు పెరుగుతుంది. రెండు మూడు కలిస్తే చెప్పనక్కరలేదు.

నాలుగవది జోడు జబ్బు. తన ఒంటికి మందు వేసికొంటూ, ఎదుట మంచంలో తన మనిషి క్షీణించడం చూచినవారికి, అదే తన రేపటి రోజు అనే భయం మనసులో ముద్ర పడిపోతుంది. మనిషి పోయి ఏండ్లు గడిచినా ఆ ముద్ర చెరగదు.

వీటికి మరికొన్ని చేర్చవలసి ఉన్నది. అన్నింటిలోకి పెద్దది, దాచుకోవడం. 2008లో మన దేశంలోని రోగులను గురించి వెలువడిన ఒక పరిశోధనలో గమనించదగిన సంగతి ఉన్నది. తమకు స్వయంగా అవమానం జరిగినవారు తక్కువ; ఎవరికో జరిగినదని కథలుగా విన్నవారు చాలా ఎక్కువ. విన్నదానితోనే భయపడి, తమ జబ్బు ఎవరికీ తెలియనివ్వకూడదని జాగ్రత్త పడతారు. ఆ జాగ్రత్తే కుంగుబాటుకు దారి తీస్తుంది. మనం పెండ్లి పందిట్లో, బస్సులో, కుళాయి దగ్గర "ఫలానావారింట్లో ఆ పెద్ద రోగమంట, ఎవరూ మెతుకు ముట్టలేదంట" అని చెప్పుకొనే మాట, పక్కన నిలబడి వింటున్న ఒకరికి ఎంత లోతుగా గుచ్చుకుంటుందో మనకు తెలియదు. ఆమె ఏమీ అనదు. ఇంటికి పోయి సీసా మీది చీటీ గీకివేస్తుంది.

జబ్బు ఉన్నదని తెలిసిన మొదటి వారాలు చాలా గడ్డు రోజులు. పూర్వం ఎప్పుడైనా మనోవ్యాధి వచ్చి ఉన్నవారికి, అట్టిది వంశంలో ఉన్నవారికి ముప్పు ఎక్కువ. పుట్టుకతో జబ్బు వచ్చి ఇప్పుడు యౌవనంలోకి వచ్చిన పిల్లలు మరియొక తరగతి. తాతా అవ్వా పెంచిన వీరిలో కొందరికి, తాము రోజూ మింగే మాత్ర ఎందుకో పెద్దవారు సరిగా చెప్పలేదు. పదునైదు, పదహారేండ్లకు తమంతట తాము తెలిసికొన్నప్పుడు, జబ్బు కంటె పెద్దల అబద్ధం ఎక్కువ బాధ పెడుతుంది. వయస్సుకు తగినట్లు, కొంచెం కొంచెంగా ముందే చెప్పడం మంచిది.

ఇక మందుల సంగతి. పూర్వం చాలామందికి ఇచ్చిన ఎఫావిరెంజ్ అనే మందు వలన కొందరికి పీడకలలు, తల తిరగడం, దిగులు కలిగేవి. ఇప్పుడు దాని స్థానంలో ఎక్కువగా డోలుటెగ్రావిర్ ఇస్తున్నారు. ఇది చాలామందికి పడుతుంది. కొద్దిమందికి నిద్ర తగ్గవచ్చును. అట్లా అనిపిస్తే డాక్టరుకు చెప్పవలెను. తమంతట తాము మందు ఆపడం మాత్రం ఎన్నటికీ కూడదు.

దిగులుకూ జబ్బుకూ తేడా

కష్టం వచ్చినప్పుడు దిగులు సహజం. దుఃఖించే మనిషి కూడా మధ్యలో మనుమడి మాటకు నవ్వుతాడు, ఆకలి వేస్తే తింటాడు. కుంగుబాటు వేరు. రెండు వారాలకు పైగా, రోజులో ఎక్కువ భాగం, మనసు చీకటిగా ఉండడమో, ఇదివరకు ఇష్టమైన పని మీద ఏ మాత్రం ఆసక్తి లేకపోవడమో దీనికి ముఖ్య లక్షణం. వీటితో పాటు నిద్ర చెడడం, ఆకలి చెడడం, ఊరకనే అలసట, ఏకాగ్రత లేకపోవడం, నేను పనికిరానిదాన్ని అనే భావం, చావు ఆలోచనలు. ఇటువంటి తొమ్మిది ప్రశ్నలు అడిగి ఎంత తీవ్రమో అంచనా వేసే పద్ధతి ఆసుపత్రులలో ఉన్నది. పది నిమిషాలు కూడా పట్టదు. మన పల్లెవాసులు మాత్రం మనసు బాధను ఒంటి మీద పెట్టి చెబుతారు: తలపోటు, గుండెదడ, కాళ్ళు గుంజడం. వినే డాక్టరు నొప్పి మాత్ర ఇచ్చి పంపితే అసలు జబ్బు అట్లే ఉండిపోతుంది.

దీనిని ఊరక వదలితే ఏమవుతుంది? కుంగిన మనిషికి బ్రతకాలనే ఆశ తగ్గుతుంది. ఆశ తగ్గితే మాత్ర తప్పుతుంది. ఒక రోజు, రెండు రోజులు, వారం. ఈ మందులు క్రమం తప్పితే వైరసు మళ్ళీ తల ఎత్తుతుంది, ఆ మందుకు లొంగని రూపం కూడా తాల్చవచ్చును. ఒళ్ళు చెడుతుంది, ఒళ్ళు చెడితే మనసు మరింత కుంగుతుంది. కనుక కుంగుబాటుకు వైద్యం చేయడమంటే హెచ్.ఐ.వి.కి వైద్యం చేయడమే. మంచి సంగతి ఏమనగా, దీనికి వైద్యం ఉన్నది. ఓర్పుగా మాట్లాడి ధైర్యం కలిగించే పద్ధతులు, అవసరమైతే మాత్రలు, రెండూ పని చేస్తవి. అయితే కొన్ని మందులు ఒకదానితో ఒకటి పడవు గనుక, మనసు డాక్టరుకు హెచ్.ఐ.వి. మందు సంగతి దాచకుండా చెప్పవలెను.

అవ్వల బల్ల

ఆఫ్రికాలోని జింబాబ్వే దేశంలో హెచ్.ఐ.వి. ఎక్కువ, మనసు డాక్టర్లు బహు తక్కువ. డాక్టరు డిక్సన్ చిబాండా తన వద్ద వైద్యం పొందిన ఒక యువతి, ఆసుపత్రికి రావడానికి బస్సు చార్జి లేక రాలేకపోయి, ప్రాణం తీసికొన్న సంగతి విని చలించిపోయినాడు. 2006లో హరారే నగరంలో 14 మంది అవ్వలకు శిక్షణ ఇచ్చినాడు. ఆసుపత్రి ఆవరణలో చెట్టు కింద ఒక చెక్క బల్ల. దాని మీద అవ్వ కూర్చుంటుంది. కష్టంలో ఉన్నవారు పక్కన కూర్చొని చెప్పుకుంటారు. అవ్వ విని, "ఈ కష్టాలలో మొదట ఏది చక్కబెట్టుకుందాము?" అని అడిగి, ఒక్కొక్క ముడి విప్పుకోవడానికి తోడు నిలుస్తుంది. 2016లో అచ్చయిన పరీక్షా ఫలితాలలో, ఆ బల్ల మీద కూర్చున్నవారు ఆరు నెలలకు మిగతావారికంటె స్పష్టంగా కోలుకున్నారు. వారిలో పదిమందికి సుమారు నలుగురు హెచ్.ఐ.వి. ఉన్నవారే.

ఆ దేశంలో డిప్రెషన్ అనే మాట అవ్వలు వాడరు. వారి షోనా భాషలో కుఫుంగిసిసా అంటారు. అతిగా ఆలోచించడం అని అర్థం. మన బేజారు వంటి మాటే. ఇంటి మాటలో అడిగితేనే మనసు తలుపు తెరుచుకుంటుంది. మనలో చాలామందికి అర్జీ వ్రాసేది కన్నడంలో, ఏడ్చేది తెలుగులో. కైవారం తాతయ్య రెండు భాషలలోనూ పాడిన సీమ ఇది. ఆసుపత్రిలో సలహాదారుతో "నేను తెలుగులో చెప్పుకుంటాను" అనడానికి సంకోచం అక్కరలేదు.

మనం చేయగలిగినది

మొదటిది, అడగడం. "ధైర్యంగా ఉండు" అని సలహా చెప్పి లేచిపోవడం సులభం. "రాత్రి నిద్ర పడుతున్నదా? అన్నం సయిస్తున్నదా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా కూర్చోవడం కష్టం. ఆ కష్టమే కావలసినది. "చచ్చిపోవాలని అనిపిస్తున్నదా?" అని నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లు అవుతుందని భయపడనక్కరలేదు. అడిగితే బరువు దిగుతుంది. అవును అంటే ఆ మనిషిని ఒంటరిగా వదలక, పురుగులమందు వంటివి అందకుండా తీసివేసి, వెంటనే డాక్టరు వద్దకు తీసికొనిపోవలెను.

రెండవది, తోడు పోవడం. మందు తెచ్చుకొనే రోజున ఒకరు వెంట పోతే, ఆ బస్సు ప్రయాణం సగం తేలికవుతుంది.

మూడవది, రహస్యం నిలపడం. ఒకరి జబ్బు సంగతి మనకు తెలిస్తే అది వారు మన దగ్గర దాచిన సొమ్ము. చట్టం కూడా అదే చెబుతున్నది. 2017లో చేసి 10-9-2018 నుండి అమలులోకి వచ్చిన హెచ్.ఐ.వి. చట్టం ప్రకారం, మనిషి సమ్మతి లేనిదే పరీక్ష చేయరాదు. జబ్బు ఉన్నదని ఉద్యోగం నుండి, బడి నుండి, ఆసుపత్రి నుండి గెంటివేయరాదు. కలిసి కాపురమున్న ఇంటిలో నుండి వెళ్ళగొట్టరాదు. పెనిమిటి పోయిన ఇల్లాలు ఈ కడపటి మాట గట్టిగా గుర్తుంచుకోవలెను.

నాలుగవది, ఎవరితోనూ చెప్పుకోలేనివారికి దారి చూపడం. హెచ్.ఐ.వి. విషయాలకు 1097, మనసు బాధకు 14416 నంబర్లకు ఉచితంగా ఫోను చేయవచ్చును. రెండవది టెలి మానస్ అని 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించినది. పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చును.

మళ్ళీ మన చింతామణి ఇల్లాలి వద్దకు వద్దాము. ఆమె ఊహామాత్రురాలు గనుక కథ మన చేతిలో ఉన్నది. ఒక నాటి సాయంకాలం అత్త రాగులు తీయబోయి డబ్బా అడుగున సీసాను చూచినది. ఆమెకు ఎప్పటి నుండో తెలుసును. కోడలు గడప దగ్గర కొయ్యబారిపోయినది. అత్త సీసా తీసి, కొంగుతో తుడిచి, దీపం పెట్టే గూటి పక్కన అందరికీ కనబడే చోట ఉంచినది. "ఇక్కడుంటే మరవవు తల్లీ. రేపు నీతో నేను కూడా బస్సెక్కుతాను. ఆ డాక్టరమ్మతో రాత్రుల సంగతి కూడా చెబుదాము" అన్నది.

ఈ కథలో అత్త చేసిన పనికి డబ్బు అక్కరలేదు, చదువు అక్కరలేదు. అటువంటి అత్తలు, అన్నలు, వదినలు మన సంఘంలో లేకపోలేదు. ఈ నెల పత్రిక చదివి మడిచి పెట్టే ముందు, మీకు తెలిసినవారిలో "బేజారు" అని చాలా రోజులుగా అంటున్న మనిషి ఒకరు గుర్తుకు వస్తే, రేపు ఒకసారి వారింటి అరుగు మీద కాసేపు కూర్చొని రండి.